పక్క సీటు తలుపు

జూన్ 2

మా ఇంటి మరకల డాక్టరమ్మకి,

ఇంట్లో ఫోను పెట్టుకుని ఉత్తరమెందుకు రాసిందా అని నీకు ఈపాటికే అనుమానం వచ్చి ఉంటుంది. ఆ ఫోను మీ అన్నయ్య కుర్చీకి చేతికందే దూరంలో ఉంది మరి. చూపు పోయిన దగ్గర్నుంచి ఆయన చెవులు ఎంత పదునెక్కాయంటే, వంటింట్లో నేను డబ్బా మూత తీస్తే అందులో పంచదార ఉందో ఉప్పు ఉందో ముందుగదిలోంచి చెప్పేస్తున్నారు. ఆయనకి తెలియకుండా నీతో ఒక మాట చెప్పాలంటే ఇదొక్కటే దారి. రాస్తుంటే సిగ్గుగానే ఉంది. చదవలేని మనిషి ఎదురుగా కూర్చుని ఆయన గురించే రాయడం ఏం మర్యాద చెప్పు.

సంగతి కారు గురించి. వచ్చే నెల దానికి ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. మెకానిక్‌ని పిలిపించి చూపించాను. ఇంజను గట్టిగానే ఉందిట, ఒంటికే అక్కడక్కడ తుప్పు పట్టింది. బానెట్ అంచున, వెనక చక్రం పైన, డిక్కీ మూలన, డ్రైవరు తలుపు పిడి కింద అరచేయంత. "ఇదంతా పైపై తుప్పేనమ్మా, ఇంట్లో ఉన్న సామాన్లతోనే పోతుంది. ఇలాగే వదిలేస్తే రేకుని తినేసి చిల్లు పెడుతుంది. చిల్లు చూస్తే ఇన్‌స్పెక్టరు ఒప్పుకోడు" అన్నాడు. ఒప్పుకోకపోతే కారు పాత ఇనుము కిందకి పోవలసిందే.

మీ అన్నయ్యతో చెబితే "ఎవరూ దాని మీద చెయ్యి వెయ్యొద్దు. చూపు రాగానే నేనే చేసుకుంటా" అన్నారు. కంటి నరం ఎండిపోయింది, చూపు ఇక రాదని డాక్టరు మా ఇద్దరికీ ఎదురుగానే చెప్పాడు. నేను విన్నాను. ఆయన వినలేదు. రోజూ పొద్దున్నే షెడ్డులోకి వెళ్ళి కారు చుట్టూ తడుముతూ తిరిగి, డ్రైవరు తలుపు తీసుకుని స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కాసేపు కూర్చుని లోపలికి వచ్చేస్తారు. ఆయన గేటు దాటి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తు లేదు. నేను నడుపుతాను, పక్కన కూర్చోండి అంటే "నా కారులో నేను పక్క సీటు ఎక్కను" అంటారు. అక్కడితో మాట ఆఖరు.

నువ్వు ఆస్పత్రి లాండ్రీలో పని ముగించే రోజు జూలై ఇరవై కదా. ఆ ఉద్యోగం ఇంటర్వ్యూకి నిన్ను దింపింది ఈ కారే. నీ వీడ్కోలు సభకి ఆయన్ని ఇదే కారులో నేనే నడిపి తీసుకురావాలని పట్టుబట్టి ఉన్నాను. నవ్వకు. తుప్పు మరకలు నీకు తెలిసినంత ఎవరికీ తెలియవు కాబట్టి, ఏం పెట్టి ఎలా రుద్దాలో వెంటనే రాయి. మీ అన్నయ్య చెవిన మాత్రం వెయ్యకు.

మీ వదిన


జూన్ 7

వదినా,

నవ్వకు అన్నావు, నవ్వాను. ఏమీ అనుకోకు. నువ్వు బండి నడపడం మొదలుపెట్టిన మొదటి ఆదివారం వెనక్కి తీస్తూ మన గేటు స్తంభాన్ని గుద్దావు కదా, అప్పుడు నేను అరుగు మీదే ఉన్నాను. స్తంభానికి నువ్వు "చూసుకోవక్కర్లేదా" అని కోప్పడ్డం నా చెవులతో నేను విన్నాను. ఆ తర్వాత నిన్ను స్టీరింగు ముందు ఎవరూ చూడలేదు. కాబట్టి నడిపి తీసుకొస్తాననే ముక్క పక్కన పెట్టి అసలు పని చూద్దాం.

మా లాండ్రీకి ఇనప మంచాల తుప్పు అంటిన దుప్పట్లు రోజూ వస్తాయి. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పడేస్తే పోతుంది. అది బట్ట సంగతి. రేకుకైతే ఇంకాస్త ఘాటుగా ఉండాలి. వంటకి వాడే వెనిగర్ తీసుకో. పాత తువ్వాలు ముక్క అందులో ముంచి తుప్పు మీద వేసి, ఆరిపోకుండా పైన ప్లాస్టిక్ కవరు కప్పు. కొన్ని గంటలు ఉంచు. తర్వాత సిల్వర్ ఫాయిల్ ఉండలా నలిపి దాంతో రుద్దు, ఇనప పీచుతో వద్దు, గీతలు పడతాయి. మంచి రంగున్న చోటికి వెనిగర్ కారకుండా చుట్టూ టేపు అంటించు. ముందు డిక్కీ మూలన, ఎవరికీ కనపడని చోట చేసి చూడు. నువ్వు ఏ పనైనా నట్టింట్లో మొదలుపెడతావు, అందుకని చెబుతున్నాను.

కారు సంగతి సరే, అన్నయ్య తింటున్నాడా? మొన్న ఫోనులో గొంతు బాగా నీరసంగా ఉంది. ఏమిటిరా అంటే రేడియోలో వార్తలు బాగాలేవు అన్నాడు. వాడికి ఎప్పుడూ ఏదో ఒక వంక కావాలి.

నీ ఆడపడుచు


జూన్ 12

డాక్టరమ్మా,

నీ వైద్యం వికటించింది.

మధ్యాహ్నం ఆయన కునుకు తీసే వేళ చూసి షెడ్డులో దూరాను. తుప్పు ఉన్న చోటల్లా నా కుట్టుపని సుద్దముక్కతో గుండ్రాలు గీశాను. జాకెట్టుకి కొలతలు గీసినట్టే ఉంది, చెయ్యి దానంతట అదే తిరిగింది. నువ్వు చెప్పినట్టు డిక్కీ మూలన వెనిగర్ పట్టీ వేశాను. సాయంత్రం తీసి ఫాయిలుతో రుద్దితే గోధుమరంగు బురద కారింది, అడుగున రేకు తళతళలాడింది. ఎంత మురిసిపోయానో చెప్పలేను. తడిగుడ్డతో తుడిచి వచ్చేశాను. మర్నాడు చూస్తే అదే చోట పలచగా, పసుపు పూసినట్టు కొత్త తుప్పు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఇంతలో ఆయన "ఏమిటా పులుపు వాసన" అన్నారు. కిటికీ అద్దాలు తుడిచానన్నాను. "మన కిటికీలకి అద్దాలు రెండే కదా" అన్నారు. అందుకే బాగా తుడిచానన్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు మరీ ఇరుక్కుపోయాను. పోస్టుమాన్ కేక ఆయనకే ముందు వినపడింది. "చెల్లెలా? చదువు" అన్నారు. తువ్వాలు, వెనిగర్ అని పైకి ఎలా చదవను? కాగితం ముఖానికి అడ్డం పెట్టుకుని నోటికొచ్చింది చదివాను. నీకు మోకాళ్ళ నొప్పులని, మెట్లు ఎక్కలేకపోతున్నావని, నూనె రాస్తున్నావని చెప్పాను. కొంచెం ఎక్కువే చదివినట్టున్నాను, ఆయన చాలా బాధపడ్డారు. ఇకనుంచి ఆయనకి చదివి వినిపించడానికి ఒక కాగితం విడిగా పెడితే నాకు ఈ తిప్పలు తప్పుతాయి.

తుప్పు మళ్ళీ ఎందుకు వచ్చిందో కనుక్కుని రాయి. రోజులు పరిగెడుతున్నాయి.

వదిన


జూన్ 16

వదినా,

నా మోకాళ్ళకి ఏ రోగమూ లేదు, నీ దయ వల్ల తొందరలోనే వచ్చేట్టుంది. అన్నయ్య ఫోను చేసి "నొప్పి ఎలా ఉందే" అన్నాడు. ఏం నొప్పిరా, ఇప్పుడే మూడంతస్తులు ఎక్కి వచ్చాను అన్నాను. "అలాగా" అని పెట్టేశాడు. నీ ఉత్తరం ఆ మర్నాడు చేరింది. ఒక రోజు ముందు చేరి ఉంటే కుంటుతూ మాట్లాడి ఉండేదాన్ని. వాడికి చదవడానికి నువ్వడిగిన కాగితం ఇందులో విడిగా పెట్టాను, అందులో వాతావరణం, మా పక్కింటి పిల్లి సంగతులు ఉన్నాయి. సుఖంగా చదువుకో.

తుప్పు మళ్ళీ రావడం నా తప్పే. నేను బట్టల లెక్కన చెప్పాను. మా బాయిలరు చూసే ఆయన్ని అడిగాను. వెనిగర్ పులుపు రేకు మీద మిగిలిపోయింది, తడి కూడా మిగిలింది, రెండూ కలిసి రాత్రికి రాత్రే మళ్ళీ పట్టింది అన్నాడు. కాబట్టి రుద్దాక మంచినీళ్ళతో కడుగు. తర్వాత నీళ్ళలో వంటసోడా కలిపి దాంతో కడుగు, పులుపు విరిగిపోతుంది. మళ్ళీ మంచినీళ్ళు. ఆ వెంటనే పొడిగుడ్డతో తుడిచి ఫ్యాను పెట్టి ఆరబెట్టు. రంగు వేసేదాకా గాలి తగలకుండా పలచగా నూనె రాయి. నీ కుట్టుమిషను నూనె సరిపోతుంది. రంగు వేసేటప్పుడు ఆ నూనె సబ్బునీళ్ళతో పూర్తిగా పోగొట్టాలి, లేకపోతే రంగు అంటదు. చిన్నచిన్న మచ్చలకి బంగాళాదుంప సగానికి కోసి, గిన్నెల సబ్బు అద్ది రుద్దినా చాలుట.

ఒక మాట. ఇంత ముస్తాబు దేనికి వదినా? అదీ అన్నయ్యకి తెలియకుండా. పెళ్ళిచూపులకి తయారుచేస్తున్నట్టుంది. పెళ్ళికొడుకెవరో నాకు చెప్పకూడదా?

నీ ఆడపడుచు


జూన్ 22

డాక్టరమ్మకి వెయ్యి దండాలు,

సోడా పని చేసింది. నాలుగు చోట్లా తుప్పు పోయింది. తలుపు పిడి కిందది మాత్రం మొండికేసింది. దానికి రెండుసార్లు పట్టీ వేసి, చేతులు పడిపోయేదాకా రుద్దాను. మెకానిక్ వచ్చి ప్రైమరు, దాని మీద రంగు వేసి వెళ్ళాడు. ఇప్పుడు చెయ్యి వేస్తే జారిపోతోంది. పనిలో పనిగా సీటు కవర్లు కూడా ఉతికేశాను. మీ అన్నయ్య తల ఆనిన చోట నూనె మరక ఎన్నాళ్ళదో, నీ పేరు తలుచుకుని సబ్బు పెట్టాను.

సైలెన్సరు చిల్లు పడిందని, ఆయన కునుకు వేళ చూసి మెకానిక్ కారుని సందు చివరిదాకా తోయించి తీసుకెళ్ళి కొత్తది వేసి తెచ్చాడు. పాత మోత లేదు, కుక్కపిల్ల నిద్రలో గురక పెట్టినట్టుంది. పొద్దున్నే ఆయన లేవకముందు, పిల్లలు రాకముందు బడి ఆట స్థలానికి వెళ్ళి మెకానిక్ పక్కన కూర్చుంటే నేను గుండ్రంగా తిరుగుతున్నాను. ఆయన లేచేసరికి పాల కోసం వెళ్ళొచ్చిన మనిషిలా వచ్చేస్తున్నాను. స్తంభాలు అన్నీ క్షేమం.

పెళ్ళికొడుకెవరో జూలైలో నువ్వే చూద్దువుగాని, ఇప్పుడు చెబితే సరదా ఏముంది. పరీక్ష అయ్యాక ఆయన్ని షెడ్డులోకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపిస్తాను. చూపిస్తాను అని రాసేశాను చూడు. నోటికి అలవాటైన మాట, చేతికి కూడా అలవాటైంది.

వదిన


జూన్ 24

వదినా,

నిన్న రాత్రి అన్నయ్య ఫోను చేశాడు. "మీ వదిన నా కారు అమ్మేసిందే. దాని చోట ఇంకేదో తెచ్చి పెట్టింది" అన్నాడు. ఒంటి మీద ఎక్కడా గరుకు లేదుట, ఇంజను మోత వేరుట, లోపల సబ్బు వాసనట. "కళ్ళు లేనివాడికి ఏ కారైతేనేం అనుకుంది" అన్నాడు. మా అన్నయ్య అలా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. మా నాన్న పోయినప్పుడు కూడా వాడి గొంతు అలా లేదు.

మార్చేశావని నేను అనుకోవడం లేదు. కానీ అమ్మకానికి పెట్టావని మాత్రం నాకు మొదటి ఉత్తరం నుంచీ అనుమానమే. కారుకి రహస్యంగా తుప్పు తీసి రంగు వేయించేది అమ్ముకునేవాళ్ళే కదా. పెళ్ళికొడుకెవరో చెప్పమంటే జూలైలో చూడమన్నావు. నడిపేవాళ్ళు లేని కారు ఇంట్లో ఎందుకని నీకు అనిపించి ఉండవచ్చు, అందులో తప్పు లేదు. కానీ వాడికి మిగిలింది అదొక్కటే. ఆ తుప్పు తీయడం నేనే నేర్పానని తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు. ఉన్న సంగతి వాడికి చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను.

చెల్లెలు


జూన్ 27

ఆడపడుచుగారికి,

మీరు రాసిన ఉత్తరం అందినది. ఆయన చదవమనలేదు. ఉత్తరం వచ్చిందంటే "నాకెందుకు చదవడం, నువ్వు చదివేది అందులో ఉండదుగా" అన్నారు. కాబట్టి మీరు కష్టపడి రాసిన పిల్లి సంగతులు కూడా వృథా.

జరిగింది రాస్తున్నాను. ఆదివారం పొద్దున ఆయన రోజూలాగే షెడ్డులోకి వెళ్ళారు. నేను కుట్టుమిషను మీద ఉన్నాను. రంగు వేసిన దగ్గర్నుంచి, ఎలకల మందు పెట్టించానని అబద్ధమాడి షెడ్డుకి తాళం వేసి ఉంచాను. ఆ రోజు తాళం మరిచిపోయాను. చాలాసేపు చప్పుడు లేదు. వెళ్ళి చూస్తే కారు పక్కన నిలబడి రెండు చేతులతోనూ తలుపు మీద వెతుకుతున్నారు. పిడి కింద, పైన, మళ్ళీ కింద. నన్ను అలికిడిని బట్టి గుర్తుపట్టి, "ఇది ఎవరిది" అన్నారు. మనదే అన్నాను. "నా తలుపుకి ఇక్కడ గరుకుంటుంది. నేను దాన్ని బట్టే తలుపు పడతాను. ఏదీ?" అన్నారు. తుప్పు తీసేశానన్నాను. ఇంజను స్టార్టు చెయ్యమన్నారు, చేశాను. "మోత కూడా తీసేశావా" అన్నారు. నేను ఏం చెప్పినా మోకాళ్ళ నొప్పుల్లాగే వినపడుతోంది ఆయనకి. లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి షెడ్డు వైపు కాలు పెట్టలేదు. పరాయి కారులో కూర్చోనంటున్నారు.

ఆయన లేత్ మిషను మీద ఎన్నేళ్ళు పని చేశారో మీకు తెలుసు. తిప్పి చెక్కిన ఇనప ముక్క మీద గోరు గీసి ఇంకా ఎంత నునుపు రావాలో చెప్పేవారు. ఆ వేళ్ళకి ఆ తుప్పే కారు అని నాకు తట్టలేదు. నాకు కళ్ళున్నాయి, నాకు మరకే కనపడింది. ఆయన రోజూ పట్టుకుని నిలబడే చోటే నేను రెండుసార్లు పట్టీ వేసి మరీ తోమేశాను.

ఇక అమ్మకం సంగతి. మొదటి ఉత్తరంలోనే నేనే నడిపి తీసుకొస్తానని రాశాను. మీకు అది నవ్వుకునే మాటగా కనపడింది. నేను నడపగలనన్న దానికంటే, నేను దొంగతనంగా అమ్మగలనన్నదే మీకు తేలిగ్గా నమ్మబుద్ధయింది. అది నాకు తగిలింది. తుప్పు తీయడమంటే ఆయనకి చూపు ఇక రాదని నేను ఒప్పుకున్నట్టే. ఆ పని చేస్తూ షెడ్డులో ఒక్కదాన్నీ కూర్చుని ఏడ్చాను. మీకు రాయలేదు, అంతే.

పరీక్ష జూలై పదో తారీఖున. కారు నెగ్గినా ఎక్కే మనిషి లేడు.

ఇట్లు,
మీ అన్నయ్యగారి భార్య


జూలై 1

వదినా,

నన్ను మీరు అనకు. తిట్టు, పడతాను. గారు పెట్టకు. ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివాను, గారు దగ్గరికి వచ్చినప్పుడల్లా చెంప మీద కొట్టినట్టుంది. అనరాని మాట అన్నాను. నువ్వు గుండ్రంగా తిరుగుతున్నానని రాస్తే కూడా కొనేవాళ్ళకి చూపించడానికేమో అనుకున్నాను, అంత గుడ్డితనం నాది.

ఇప్పుడు నేను చెప్పేది చెయ్యి. తుప్పు పోయింది, మోత పోయింది, వాసన పోయింది. పోనిది ఒకటుంది. నువ్వు స్తంభాన్ని గుద్దిన సొట్ట. దాన్ని అన్నయ్య షాపుకి ఇవ్వలేదు. డిక్కీలో పడుకుని లోపలినుంచి సుత్తితో వాడే కొట్టి తీశాడు, నేను బయట చెక్క దిమ్మ అడ్డం పెట్టి పట్టుకున్నాను. బయట నునుపు వచ్చింది గానీ లోపల వాడి సుత్తి దెబ్బలు అలాగే ఉండాలి. డిక్కీలో చాప ఎత్తి, వాడి చెయ్యి అక్కడ పెట్టు. నువ్వేం మాట్లాడకు. నువ్వు మాట్లాడితే మళ్ళీ మోకాళ్ళు గుర్తొస్తాయి.

ఫోను చేసి చెబుదామనుకున్నాను. నా మాట కూడా నమ్మడేమో. వాడి చేతినే నమ్మనీ.

చెల్లెలు


జూలై 6

డాక్టరమ్మా,

గారు తీసేశాను. ఇంకోసారి పెట్టే అవసరం రానివ్వకు.

నీ ఉత్తరం రాగానే ఆయన దగ్గరికి వెళ్ళి, ఒక్కసారి రండి, ఆ తర్వాత మీ ఇష్టం అన్నాను. రానన్నారు. మీ చెల్లెలు రమ్మని రాసింది అన్నాను. "మోకాళ్ళు ఎలా ఉన్నాయిట" అన్నారు. మోకాళ్ళు నేను పుట్టించినవే, కారు మాత్రం మనదే అన్నాను. ఆ మాటకి ఏమనుకున్నారో, లేచి నా భుజం పట్టుకున్నారు. డిక్కీ తెరిచి చాప ఎత్తి, చెయ్యి తీసుకెళ్ళి ఆ మూల పెట్టాను. నువ్వు చెప్పినట్టే నోరు మూసుకున్నాను. నా జన్మలో అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అప్పుడే.

ముందు అరచెయ్యి ఆనించారు. తర్వాత ఒక్కో వేలూ. తర్వాత గోరు పెట్టి ఒక్కొక్క దెబ్బ అంచూ గీసి చూశారు. "ఇది వంకరగా పడింది, చెల్లెలు దిమ్మ కదిపేసింది" అన్నారు. ఇంకా లోపలికి వంగి, ఇంకో చోట తడిమి, నవ్వారు. "ఇంత సొట్ట ఇంకెవరూ పెట్టలేరు" అన్నారు. ఆ నవ్వు విని నాకు దుఃఖం ఆగలేదు. ఆయన నా ముఖం తడిమి "దీనికి కూడా పులుపు వాసనే" అన్నారు.

అన్నీ చెప్పేశాను. వెనిగర్, సోడా, ఆట స్థలం, డాక్టరు మాట. డాక్టరు మాట మాత్రం ఆయనే అందుకున్నారు. "నేనూ విన్నానులే. రెండోసారి వినడం ఇష్టం లేక ఊరుకున్నా" అన్నారు.

తర్వాత ఏమైందో విను. కారు చుట్టూ చేత్తో తడుముతూ తిరిగి, వెనక చక్రం ముందు, కింది అంచు దగ్గర ఆగారు. "ఇక్కడ రంగు కింద ఉబ్బింది" అన్నారు. నేను కళ్ళద్దాలు పెట్టుకుని, ముక్కు ఆనించి చూసినా ఏమీ లేదు. గోటితో నొక్కితే రంగు పెంకులా లేచింది, అడుగున ఎర్రగా తుప్పు. ఇన్‌స్పెక్టరు స్క్రూడ్రైవరుతో పొడిచే చోటు అదేనట, మెకానిక్ అన్నాడు. నేనూ మెకానికూ కూడా వదిలేసిన జాగా. రెండు రోజులుగా ఇదే పని మాకు. ఆయన వేలు ఎక్కడ ఆగితే అక్కడ నేను సుద్దతో గుండ్రం గీస్తాను. పట్టీ నేను వేస్తాను, ఆయన రుద్దుతారు. ఫాయిల్ నలపడం కూడా నాకు చేతకాదుట. నేను కడిగింది చాలలేదని సోడా నీళ్ళు మళ్ళీ పోయిస్తున్నారు. ప్రాణం విసిగిపోతోంది, హాయిగా ఉంది.

నీ సభకి వస్తారా అని అడిగాను. స్టీరింగు ముందు కూర్చుని తలుపు వేసుకున్నారు. పక్క సీటు మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

వదిన


జూలై 11

వదినా,

పరీక్ష ఏమైంది? నిన్నే కదా. ఒక్క ముక్క రాయి.

సభ పెద్దదేం కాదు, లాండ్రీ వెనక ఇస్త్రీ హాల్లోనే. కుర్చీలు వేయిస్తున్నారు. ముందు వరసలో రెండు కుర్చీల మీద తువ్వాళ్ళు వేసి ఉంచమన్నాను, ఎవరూ కూర్చోకుండా. ఎవరికి అని అడిగితే మా వదినకి, మా అన్నయ్యకి అన్నాను. మీ వదిన ఎలా వస్తారు అన్నారు. కారు నడుపుకుంటూ వస్తుంది అన్నాను. ఈసారి నవ్వలేదు.

వాడు రానంటే బలవంతపెట్టకు. సభ అయ్యాక నేనే బస్సులో వస్తాను. కానీ వాడు వస్తే బాగుండును. ఇంటర్వ్యూ రోజు నేను లోపలికి వెళ్ళనని కారులోనే కూర్చుంటే, ఇటువైపు తిరిగి వచ్చి తలుపు తీసి, చెయ్యి పట్టుకుని దింపాడు. అది వాడికి గుర్తుందో లేదో అడగకు. నాకు గుర్తుందని మాత్రం చెప్పు.

నీ ఆడపడుచు


జూలై 16

డాక్టరమ్మా,

కారు నెగ్గింది. ఇన్‌స్పెక్టరు వెనక చక్రం దగ్గర పొడిచి చూశాడు, గట్టిగా ఉంది. "ఎక్కడ చేయించారు" అన్నాడు. ఇంట్లో అన్నాను. కారు తీసుకెళ్ళింది నేనే, తెచ్చింది నేనే. మీ అన్నయ్య గేటు దాకా వచ్చి నిలబడి, గేరు మారినప్పుడల్లా వింటూ ఉన్నారుట, పక్కింటావిడ చెప్పింది.

నువ్వు రాసింది చదివి వినిపించాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు. కాగితం ఆయన చేతికి ఇచ్చి, ఈ వరసలో ఉంది అని వేలు పెట్టి మరీ చదివాను. కారులోంచి దింపిన సంగతి దగ్గర "ఊఁ" అన్నారు.

నిన్న సాయంత్రం నేను కుడుతుంటే షెడ్డులోంచి పిలిచారు. "పక్క తలుపు ఎటు?" అన్నారు. నాకు అర్థం కాలేదు. "డ్రైవరు తలుపు తుప్పుని బట్టి తెలిసేది. పక్క తలుపు నేనెప్పుడూ వెతుక్కోలేదు, దాని పిడి ఎక్కడుందో నాకు తెలియదు. ఇంతవరకూ ఆ తలుపు నేను మనుషుల కోసం తీయడమే గానీ నా కోసం తీసుకోలేదు" అన్నారు. చెయ్యి పట్టుకుని అటువైపు తీసుకెళ్ళాను. పిడి తడిమి చూసి, కొవ్వొత్తి తెమ్మన్నారు. వెలిగించి ఇచ్చాను. వంగి, పిడి కింద రేకు మీద వేలు ఆనించి, ఆ వేలి పక్కనే ఒక్క బొట్టు మైనం కార్చారు. వేలు కాలిందేమో, ఊదుకున్నారు. మైనం గట్టిపడేదాకా ఆగి, ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ చేత్తో వెతికి పట్టుకున్నారు. తలుపు తీసుకుని కూర్చున్నారు. బెల్టు దొరకలేదు. అందివ్వబోతే వద్దని తనే వెతుక్కున్నారు.

నేను ఇటు వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాను. ఏం చెయ్యాలో తెలియక ఊరికే కూర్చున్నాను. కాసేపటికి "ఇంజను స్టార్టు చెయ్యవేం" అన్నారు.

సందు చివరిదాకా వెళ్ళొచ్చాం.

ఇరవైన పదింటికి బయల్దేరుతాం. మీ అన్నయ్య చెప్పి రాయించిన ముక్కలు ఇవి, ఒక్క అక్షరం కల్పించలేదు: "చెల్లీ, నాకూ గుర్తుంది. మీ వదినకి క్లచ్ మీదనుంచి కాలు తీయడం ఇప్పటికీ రాదు. పక్కన కూర్చుని చెప్పేవాడు ఒకడుండాలి. అందుకని వస్తున్నాను. మీ ఆస్పత్రి గేటు రెండు తలుపులూ బార్లా తీయించి ఉంచు."

వదిన